బీరువాలో అరవై మూడు అతుకులు

"పదకొండుకల్లా ప్రిన్సిపాల్ రూములో ఉండాలన్నారు. ఎనిమిదిన్నర అయిపోయింది. పెన్ను పెట్టుకున్నావా?"

"సంతకం పెట్టనన్నాక పెన్నెందుకు నాయనా?"

షావలి చేతిలోని ఉలిని బల్ల మీద ఠప్పున పెట్టాడు. పొద్దున లేచినప్పటి నుంచి దాన్ని నూరుతూనే ఉన్నాడు. నూరాల్సిన అవసరమేమీ లేదు. చేతులు ఖాళీగా ఉంటే కూతురి మీదికి లేస్తాయేమోనని భయం. పద్దెనిమిదేళ్లలో ఒక్కసారి కూడా లేవలేదు అవి.

"ఏందిమే జమాల్‌బీ, విన్నావా నీ కూతురి మాట?"

జమాల్‌బీ షెడ్డు గుమ్మంలో కూర్చుని రొయ్యలు ఒలుస్తోంది. తలెత్తలేదు. ఒలిచిన పెంకును నేలకేసి కొట్టింది.

"విన్నా. వీధంతా విన్నాది. హైవే మీద పోయే లారీలోళ్లు కూడా విన్నారు."

కాగితం బల్ల మీదే ఉంది. గాలికి పోకుండా దాని మీద ఒక చెక్కముక్క. ఇంగ్లీషులో టైపు కొట్టిన నాలుగు లైన్లు. నిన్న సాయంత్రం నుంచి ఫర్జానా దాన్ని తెలుగులో మూడుసార్లు చదివి వినిపించింది. ఇప్పుడు నాలుగోసారి అందుకుంది.

"'నేను, ఫర్జానా, బీటెక్ మొదటి సంవత్సరం. వర్క్‌షాప్ ల్యాబులో నేనిచ్చిన డవ్‌టైల్ జాయింటు, అంటే రెండు చెక్కముక్కల అతుకు, నేను చేసింది కాదు. వడ్రంగి పని చేసే మా నాన్నతో ఇంట్లో చేయించి నాదని చెప్పి ఇచ్చాను. నన్ను క్షమించండి.' కింద రెండు గీతలు. ఒకటి నాకు, ఒకటి నీకు. ఇందులో ఒక్క మాట నిజముంటే చూపించు నాయనా. సంతకం పెడతా."

"నీ పేరు నిజమే గదా."

"నవ్వు రాలేదు."

"నవ్వమని చెప్పలా. నాలుగు లైన్లు. పెడితే ల్యాబు పాసు. పెట్టకపోతే కమిటీ అంట, మాల్‌ప్రాక్టీసంట, పరీక్షలకే కూర్చోనియ్యరంట. ఏడాది పోతాది. ఎవురి ఏడాది? ఆ రాజ్ కుమార్ సారుదా?"

"నేను మూడు వారాలు ఆ ల్యాబులో నిలబడి చేసినా. రంపానికి సగం పళ్లు లేవు. మూలమట్టం వంకర. అయినా చేసినా. ఆయన ముందరే చేసినా. ఆయన ఫోన్లో ఎవురితోనో ఫ్లాటు బేరం మాట్లాడుకుంటా కూర్చున్నాడు."

"ఎవురు చెయ్యమన్నారు నిన్ను? అందరూ తీసుకున్నట్టు నువ్వూ ఒకటి తీసుకోనుంటే ఈ గోల ఉండేదా?"

ఫర్జానా తండ్రి ముఖంలోకి సూటిగా చూసింది.

"అందరూ తీసుకున్నది ఎవురి దగ్గరో, ఆ మాట కూడా చెప్పు నాయనా."

షావలి మళ్లీ ఉలి తీసుకున్నాడు. రాయి మీద నీళ్లు చల్లాడు. నూరడం మొదలుపెట్టాడు.

అసలు కంపు ఇక్కడే ఉంది. ఫర్జానా సెక్షనులో అరవై నాలుగు మంది. తన ముక్కను తాను కోసుకున్నది ఆమె ఒక్కతే. మిగతా అరవై మూడు అతుకులూ ఇదే రేకుల షెడ్డులో, ఇదే బల్ల మీద, షావలి చేతుల్లోంచి వచ్చినవి. ఐదేళ్లుగా ఇదే తంతు. ల్యాబు హెల్పరు ఏసుమణి గోతాం సంచిలో చెక్కలు తెస్తాడు, అతుకులు తీసుకుపోతాడు. పిల్లకాయలు దాని మీద తమ నంబరు రాసుకుంటారు. సారు మార్కులు వేస్తాడు. ఇంజనీరు కాబోయేవాడికి మొదటి సంవత్సరం నేర్పే మొదటి పాఠం ఇది. చెయ్యి మాపుకోనక్కర్లేదు, నంబరు రాసుకుంటే చాలు. రేపు వీళ్లే వంతెనలు కడతారు.

ఇంకా సిగ్గుమాలిన సంగతి ఒకటుంది. షావలి ఆ అతుకుల్ని బాగా చేయకూడదు.

మొదటి ఏడాది తెలియక బాగా చేశాడు. వెంట్రుక దూరని అతుకులు. సంచికి సంచీ వెనక్కి వచ్చింది. "అన్నా, ఇంత నున్నంగా ఉంటే పిల్లకాయలు చేసినారంటే ఎవురు నమ్ముతారు? కొంచెం చెడగొట్టన్నా" అన్నాడు ఏసుమణి. అప్పటి నుంచి షావలి చెడగొట్టడం నేర్చుకున్నాడు. ఒకదానికి రంపం గీత దాటుతుంది. ఒకదానికి పక్కన సందు. ఒకదానికి ఉలి జారిన గాటు. ఏ రెండూ ఒకేలా ఉండకూడదు. అరవై మూడు ముక్కలకు అరవై మూడు తప్పులు. తర్వాత జమాల్‌బీ బొగ్గు అంటిన చేతులతో వాటిని తడిమి మురికి చేస్తుంది.

షావలి నాయన సూళ్లూరుపేట అవతల పులికాటు ఒడ్డున పడవలు కట్టిన మనిషి. షావలీ కట్టాడు. ఫైబరు పడవలొచ్చి ఆ పని పోయింది. ఈ వెంకటాచలం ఊరికొచ్చి తలుపులు, కిటికీలు చేశాడు. ఫ్యాక్టరీ తలుపులొచ్చి అదీ పోయింది. చేయగలిగిన చేతికి చివరకు మిగిలింది చెడగొట్టే పని.

ఫర్జానా అతుకు బాగుంది. అదే ఆమె చేసిన నేరం. అరవై మూడింటికీ ముప్పైకి ఇరవై ఆరు, ఇరవై ఏడు వేసిన రాజ్ కుమార్ సారు ఆమెకు పన్నెండు వేశాడు. ఎందుకు సార్ అని అడిగింది. మీ నాన్న వడ్రంగి కదా, నాకు తెలీదనుకున్నావా అన్నాడు క్లాసు మొత్తం వినేలా. నేనే చేశాను సార్, మీరు చూడలేదు, ఫోన్లో ఉన్నారు అంది ఆమె కూడా క్లాసు మొత్తం వినేలా. అంతే. మర్నాటికి కాగితం టైపయింది.

"నేను ఆ కాలేజీలో చేరిన రోజే చెప్పినా ఈ పని ఆపమని," అంది ఫర్జానా.

"ఆపి? రోడ్డున పోయే బస్సులకు చెయ్యి ఊపుతా కూర్చోవాల్నా?"

"ఈ సెమిస్టరుకు ఆపుతానన్నావు."

"అన్నా. ఆపలా. ఇప్పుడేందంటావు? నన్ను ఉరి తీస్తావా?"

జమాల్‌బీ గిన్నె కింద పెట్టింది.

"తప్పు చేసినాయన నోరు మూసుకోమంటాడు. ఒప్పు చేసిందేమో నోరు మూసుకోనంటాది. మధ్యలో నాకీ రొయ్యలు. ఎవురు తింటారు వీటిని? ఒక్కరన్నా తింటారా? చెప్పండి, పిల్లికి పెడతా."



ఫర్జానా ఫోను మోగింది. అబిగయీలు. కొడవలూరు పిల్ల, క్లాసులో పక్క సీటు. ఫర్జానా స్పీకరు నొక్కి ఫోనును బల్ల మీద పెట్టింది. దాచడానికేముంది ఇంక.

"ఫర్జీ, సంతకం పెట్టేసినావా?"

"లేదు."

"ప్లీజ్ ఫర్జీ. నీ కాళ్లు పట్టుకుంటా. నువ్వు పెట్టకపోతే వాళ్లు ల్యాబులో బీరువా తెరుస్తారంట. ముక్కలన్నీ బయటికి తీసి ఒక్కొక్కరినీ పిలిచి అడుగుతారంట. అందరం పోతాం. గ్రూపులో నిన్నెట్టా తిడతా ఉండారో చూసినావా?"

"చూసినా. నువ్వు కూడా ఒక వెక్కిరింపు బొమ్మ పెట్టినావు."



"అందరూ పెడతా ఉంటే పెట్టినా. సారీ. అది తీసేస్తా."

"నీ ముక్క నువ్వు చేసుకోనుంటే ఈ భయం ఎందుకు నీకు?"

"నాకు రంపం పట్టుకోవడం రాదు!"

"నేర్పించడానికే గదా ల్యాబు."

"నేర్పిస్తే గదా!" అబిగయీలు అరిచేసింది. "సారు ఒక్కసారన్నా రంపం పట్టి చూపించినాడా? నీకు మీ నాయన ఉండాడు. చిన్నప్పుడే నేర్పించినాడు. మాకెవురు నేర్పిస్తారు? మా నాన్న వరి నాటేది నేర్పిస్తాడు. దానికి మార్కులెయ్యరు గదా ఈడ. ఊరికే మమ్మల్ని దొంగల్ని చూసినట్టు చూడబాక నువ్వు."

ఫోను ఆగిపోయింది. తనే పెట్టేసిందో, సిగ్నలు పోయిందో. ఫర్జానా తిరిగి చేయలేదు. ఆ పిల్ల అడిగింది నిజమే. కాదన్నట్టు నటించడం ఆమెకు చేతకాదు.

"విన్నావా?" అన్నాడు షావలి. ఈసారి గొంతు తగ్గించాడు. "నీ ఒక్కదాని నిజం కోసం అంతమంది పిల్లకాయలు."

"నా ఒక్కదాని అబద్ధంతో అంతమందీ బాగుపడతారా?"

"మాటకు మాట! మాటకు మాట! ఇదేనా అక్కడ నేర్పించేది?"

"అక్కడేమీ నేర్పించరు నాయనా. అదే గదా నేను చెప్పేది!"

బయట బండి ఆగింది. ఖాకీ చొక్కా, మెళ్లో కాలేజీ ట్యాగు. ఏసుమణి. వీధి చివర చర్చి పక్కన ఇల్లు. దిగుతూనే చెప్పులు విడిచాడు, ఎప్పుడూ విడవని మనిషి.

"అన్నా, బయల్దేరినారా? సారు నన్ను పంపించినాడు, తోడుండి తీసుకురమ్మని."

"తోడెందుకు? దారి తెలీదా మాకు?" అంది జమాల్‌బీ.

"వదినా, నువ్వు నా మీద కోపంగా ఉండావు. ఉండాల్సిందే. కాదనను."

"నేను కోపంగా లేను. నేను రొయ్యలు ఒలస్తా ఉండా."

ఏసుమణి ఫర్జానా వైపు తిరిగాడు. కూర్చోలేదు. ట్యాగు తాడును వేలికి చుట్టుకుంటూ నిలబడ్డాడు.

"పాపా, ఒక్క మాట. నేను పర్మనెంటు కాదు. ఏడాదికోసారి కాగితం రాస్తేనే నేనుండేది. బీరువా తెరిచినారంటే మొదట పోయేది నేను. సారు పోడు. సారుకు ఏమీ తెలీదంటాడు. పిల్లకాయలు పోరు, వాళ్ల అమ్మానాయనలొచ్చి గోల చేస్తారు. మీ నాయన కాలేజీ మనిషే కాదు. మిగిలేది ఎవురు?"

"మామా, నేను చేసిన ముక్క నువ్వు చూసినావా లేదా?"

"చూసినా."

"నేను చేస్తా ఉన్నప్పుడు చూసినావా?"

"దేవుడి సాక్షిగా చూసినా. ఉలి మొద్దుగా ఉండాదంటే నేనే గదా మార్చి ఇచ్చినా. ఐదేళ్లలో ఆ ల్యాబులో ఒక పిల్లకాయ చేత్తో చేసింది అదొక్కటే. నా ఇంటిదానికి కూడా చెప్పినా ఆ రోజు."

"ఇంటి ఆమెకు చెప్పినావు. ప్రిన్సిపాల్ మేడమ్‌కు కూడా చెప్పు."

ఏసుమణి బండి వైపు చూశాడు. అద్దం కొంచెం వంగి ఉంది. వెళ్లి దాన్ని సరిచేశాడు. తిరిగి రాలేదు. అక్కడే నిలబడ్డాడు.

మంచివాడే. ఈ దేశంలో మంచివాళ్లకు కొదవేం లేదు. బండి అద్దాలు సరిచేసుకుంటూ వీధి వీధినా నిలబడి ఉంటారు.

షావలి చొక్కా మార్చుకుని వచ్చాడు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాడు.

"సరే. నువ్వు సంతకం పెట్టబాక. నేను పెడతా. తండ్రి పెడితే చాలంటారేమో అడుగుతా. నేనే చేసినా, పిల్ల తెలీక ఇచ్చిందని చెప్తా. నువ్వు ఒక్కటి చెయ్యి. ఆ అరవై మూడింటి మాట ఎత్తబాక. ఏసుమణి ముందర మాటియ్యి నాకు."

"ఎత్తను."

"ఇంకోసారి చెప్పు."

"ఎత్తనన్నా గదా! నా నోటితో ఎత్తను. నువ్వు నా ముక్క నీదని చెప్పుకో, నీ ఇష్టం. నేను మాత్రం పెట్టను."

జమాల్‌బీ రొయ్యల గిన్నె తీసుకుని లోపలికి పోయింది. 

*

కాలేజీ ముందు బ్యానర్లు కడుతున్నారు. సోమవారం ఏదో కమిటీ వస్తోంది, కాలేజీ ఎంత గొప్పదో చూసి గ్రేడు ఇవ్వడానికి. గేటు నుంచి ఆఫీసు దాకా కుండీలు పెట్టారు. కుండీల్లో మొక్కలకు ఇంకా నర్సరీ చీటీలు వేలాడుతున్నాయి. వర్క్‌షాపు గోడకు కొత్త సున్నం. లోపల చెక్క బిగించే వైసులు మాత్రం పాతవే.

ప్రిన్సిపాల్ ఫ్లోరా మేడమ్ చెడ్డ మనిషి కాదు. అలిసిపోయిన మనిషి. బల్ల మీద ఫైళ్లు గుట్టలుగా ఉన్నాయి. పక్కన రాజ్ కుమార్ సారు నిలబడి ఉన్నాడు, చేతులు కట్టుకుని, ఈ పని అయిపోతే ఇంకో పని చూసుకుందామన్నట్టు. ఏసుమణి తలుపు దగ్గరే ఆగిపోయాడు.

"కూర్చోండి షావలి గారూ."

"ఉండనీండి మేడమ్. నిలబడతా."

"చూడండి, మాకు కూడా మీ అమ్మాయి మీద కోపమేం లేదు. క్లాసులో లెక్చరర్‌ని ఎదిరించి మాట్లాడింది. దాన్ని కూడా వదిలేశాం. ఒక్క లెటర్. ఇక్కడితో క్లోజ్ చేద్దాం. సోమవారం కమిటీ ఉంది, నాకు ఇవన్నీ పెట్టుకునే టైం లేదు."

"మేడమ్, నేను సంతకం పెట్టను," అంది ఫర్జానా.

ఫ్లోరా మేడమ్ కళ్లజోడు తీసి కళ్లు నలుపుకుంది.

"ఎందుకమ్మా? ఎందుకు ఇంత చిన్నదాన్ని ఇంత పెద్దది చేస్తావు?"

"చిన్నదైతే మీరే వదిలేయచ్చు కదా మేడమ్."

"చూశారా?" అన్నాడు రాజ్ కుమార్. "ఇదీ వరస. సెమిస్టరంతా ఇదే."

"మేడమ్," షావలి అడ్డం వచ్చాడు. "పిల్ల చిన్నది. తెలీదు. నేను పెడతా సంతకం. నేనే చేసినానని నేను రాసిస్తే సరిపోదా? తప్పు నా మీద వేసుకుంటా."

ఫర్జానా కిటికీ వైపు తిరిగింది. బయట ఎవరో నిచ్చెన ఎక్కి బ్యానరుకు మేకు కొడుతున్నారు. వంకరగా కొడుతున్నారు.

ఫ్లోరా మేడమ్ రాజ్ కుమార్‌ను చూసింది. ఆయన భుజాలు ఎగరేశాడు. "ఫాదర్ ఒప్పుకుంటే అది కన్ఫెషనే కదా మేడమ్. చాలు."

"సరే. పెట్టండి."

షావలి జేబులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. మడతలు పడిన కాగితం ఫ్యాను గాలికి లేచింది. ఫ్లోరా మేడమ్ పక్కనున్న ఫైలు మీది చెక్కముక్కను తీసి కాగితం అంచు మీద పెట్టింది.

ఆ చెక్కముక్క ఫర్జానా చేసిన అతుకు. మూడు రోజులుగా ప్రిన్సిపాల్ బల్ల మీద కాగితాలు ఎగరకుండా కాపు కాస్తోంది. మార్కులు వేయడానికి పనికిరాలేదు గానీ ఈ పనికి బాగానే పనికొచ్చింది.

షావలి పెన్ను మూత తీశాడు. ఎడమ చేత్తో కాగితాన్ని అదిమిపట్టబోయాడు. వేళ్లు చెక్కకు తగిలాయి.

అంతవరకు అతను దాన్ని చూడలేదు. చూడాలని కూడా అనుకోలేదు. నా కూతురు చేసింది, బాగానే ఉంటుంది అనుకున్నాడు, అంతే. ఇప్పుడు బొటనవేలు దానంతటదే అతుకు గీత వెంట పోయింది. ఒకచోట ఆగింది. వెనక్కి వచ్చింది. మళ్లీ పోయి అక్కడే ఆగింది.

పెన్ను పక్కన పెట్టి ముక్కను రెండు చేతుల్లోకి తీసుకున్నాడు. ఒక్క ఒత్తు ఒత్తి రెండుగా విప్పాడు. లోపలి ముఖాన్ని వెలుతురుకు పట్టాడు. నుదురు ముడిపడింది.

"ఇదేంది?"

అడిగింది మేడమ్‌ను కాదు. సారును కాదు.

"ఏంది నాయనా?"

"ఉలి ఒక పక్క నుంచే తోలినావా?"

"అవును."

"ఒక పక్క నుంచే తోలితే అవతలి అంచు ఏమవుతాది?"

"పెచ్చు లేస్తాది."

"తెలుసు గదా! మరి ఎందుకు తోలినావు? సగం దాకా ఇట్నుంచి, సగం దాకా అట్నుంచి రావాలని ఎన్నిసార్లు చెప్పినా నీకు? నీ ఏడో ఏట నుంచి చెప్తా ఉండా!"

"ఆ వైసు బిగవదు నాయనా! ముక్కను తిప్పి పెడితే ఊడి కిందపడతాది. మూడుసార్లు కాలు మీద పడింది."

"పడితే? కింద ఒక చీలిక పెట్టి బిగించుకోవాల. అది కూడా నేనొచ్చి చెప్పాల్నా?"

"చీలిక ఎక్కడుంది ఆడ? చిన్న చెక్కపేళ్లు కూడా రిజిస్టరులో రాసి అడగాల. రాసినా. రెండు వారాలైంది, ఇయ్యలా."

"ఇయ్యకపోతే ఇంట్లో నా దగ్గర తీసుకోనుండాల్సింది."

"నీ దగ్గర తీసుకుంటే నువ్వు చేసినావంటారని తీసుకోలా!"

"షావలి గారూ," అంది ఫ్లోరా మేడమ్. వాళ్లిద్దరికీ వినపడలేదు.

"ఇదిగో, ఈ పెచ్చు. దీన్ని రంపపు పొట్టు, జిగురు కలిపి మూసుకోవచ్చు గదా. ఎందుకు మూయలా?"

"మూస్తే కనపడదు."

"కనపడకూడదనే గదా మూసేది!"

"తప్పు చేసినా, తప్పు కనపడనీ అని ఇచ్చినా. దానికి రెండు మార్కులు తగ్గించుకోనీ. నేనొద్దన్నానా?"

 షావలి చేతిలోని ముక్కను చూశాడు. పెచ్చు లేచిన ఆ అంచును చూశాడు. ఐదేళ్లలో కొన్ని వందల తప్పులు చేసిన మనిషి. అన్నీ కావాలని చేసినవి, అన్నీ లెక్క ప్రకారం చేసినవి. కావాలని చేయని తప్పు చేతికొచ్చి ఎన్నాళ్లయిందో.

"మేడమ్," అన్నాడు నెమ్మదిగా. "ఇది నా పని కాదు."

"ఇప్పుడే కదండీ మీరే చేశారని..."

"చెప్పినా. చూడకుండా చెప్పినా. ఇది పిల్ల పనే. నా చేతిలోంచి ఇట్టాంటి అంచు వచ్చిందంటే ఆ రోజు నేను అన్నం ముట్టను."

రాజ్ కుమార్ నవ్వాడు. గట్టిగానే నవ్వాడు.

"డ్రామా, మేడమ్. ఇంటి దగ్గర రిహార్సల్ వేసుకుని వచ్చారు తండ్రీ కూతురూ. అంచులంట, పెచ్చులంట. ఇంత నీట్ ఫినిషింగ్ ఫస్టియర్ పిల్ల చేస్తుందా? మీరు నమ్ముతారా?"

"చేస్తాది సార్. చేసింది. మీరు చూడలా, అంతే."

"నేను చూడలేదా? నాకు చెప్తున్నావా నువ్వు, వర్క్‌షాప్ గురించి? పన్నెండేళ్లు టీచింగ్ నాది." నువ్వు అన్నాడు. ఇంతసేపూ దగ్గర పెట్టుకున్న మర్యాద జారిపోయింది. "సరే, ఇది నీ పని కాదు. నీ పని ఎట్లా ఉంటుందో మాకెట్లా తెలుస్తుంది? నీ నోటి మాట నమ్మాలా? ఏదీ, నీ పని ఒకటి చూపించు చూద్దాం. పోల్చి చూస్తాం."

ఫర్జానా తండ్రిని చూసింది. వద్దన్నట్టు తల ఆడించింది. మాటిచ్చింది ఆమె. కానీ ఆ ఇంట్లో మాట అడిగి తీసుకున్నది ఒకరి దగ్గరే. అడిగిన మనిషి దగ్గర ఎవరూ తీసుకోలేదు.

షావలి చెవులు ఎర్రబడ్డాయి. పడవల మీద పని చేసిన మనిషి. అతను కొట్టిన మేకు దగ్గర నీరు ఊరిందని ఎవరూ అనలేదు. ఆ మనిషిని పట్టుకుని, నీ పని ఏదీ చూపించు అంటున్నాడు ఒక సారు.

"చూపిస్తా," అన్నాడు. "చూపించేదానికి దూరం పోనక్కర్లేదు. ఏసుమణీ, మీ ల్యాబులో బీరువా ఉండాదే, పిల్లకాయల ముక్కలు పెట్టింది. అది తెరిచి ఒకటి పట్టుకురా. ఏదైనా సరే. కళ్లు మూసుకుని తీసుకురా."



అనేశాక గానీ తానేమన్నాడో షావలికి అర్థం కాలేదు. అర్థమయ్యేసరికి ముక్క చేతిలోనే ఉంది, విప్పిన రెండు సగాలు, చెరో చేతిలో ఒకటి. ఫర్జానా కళ్లు మూసుకుంది.

"బీరువా ఎందుకు మేడమ్?" రాజ్ కుమార్ గొంతు ఒక్కసారిగా మెత్తబడింది. "దానికీ దీనికీ ఏం సంబంధం? ఇంటర్నల్స్ అయిపోయాయి. బీరువా సీలు చేశాం."

"సీలా?" అంది ఫ్లోరా మేడమ్. "ఎప్పుడు చేశారు? నాకు తెలియదే."

"అంటే... చేద్దామని. సోమవారం లోపల."

ఫ్లోరా మేడమ్ ఆయనను చూసింది. షావలి చేతుల్లోని రెండు సగాలను చూసింది. గోడ మీద క్యాలెండరును చూసింది, సోమవారం చుట్టూ ఎర్ర సిరాతో గుండ్రం చుట్టి ఉంది. ఫర్జానా ఇప్పుడు కళ్లు తెరిచి ఆమెనే చూస్తోంది. ఈమె ఒక్క మాట అడిగితే చాలు. ఎవరివి ఆ ముక్కలు అని ఒక్క మాట. చాలా తేలిక ఆ మాట. పదో క్లాసు పిల్లకైనా వస్తుంది.

మేడమ్ కళ్లజోడు పెట్టుకుంది.

"ఏసుమణీ," అంది. "ముందు ఈ తలుపు మూయి."

ఏసుమణి తలుపు పిడి పట్టుకున్నాడు. ఒక కాలు గదిలో ఉంది, ఒక కాలు వరండాలో ఉంది. మేడమ్‌ను చూశాడు, సారును చూశాడు, షావలిని చూశాడు. చివరకు ఫర్జానాను చూశాడు. చెమట చుక్క ఒకటి గడ్డం దాకా జారి ఖాకీ చొక్కా మీద పడింది.

"మేడమ్," అన్నాడు. "లోపలుండి మూయాల్నా, బయటికిపోయి మూయాల్నా?"